పైడయ్య మేస్త్రి ముగ్గిల్లు

గోడల మీద కూర్చున్న పెద్దలకు, వంటింట్లో సర్దుకున్న అత్తలకు, అక్కలకు, గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకున్న సభాధ్యక్షులు శ్రీరామ్మూర్తి మాస్టారికి నమస్కారం.

మాస్టారూ, కోప్పడకండి. ఆ కుర్చీ ఒక్క మూర పక్కకి జరపండి. ఆఁ, చాలు. ఇప్పుడు ఈ ఇంట్లోకి మనిషి రావచ్చు.

కొత్తగా వచ్చినవాళ్ళు ఇల్లెక్కడా అని వెతుక్కుంటున్నారు. మీ కాళ్ళ దగ్గర ఇసకలో చూడండి. తెల్లటి ముగ్గు గీతలున్నాయి. అవే గోడలు. గీత తెగిన చోటు గుమ్మం. ఆ మూల మూడు రాళ్ళ మీద టీ కాస్తున్న ఆవిడ పోతమ్మత్త, ఈ ఇంటి యజమానురాలు. పునాది తవ్వడానికి పైడయ్య మేస్త్రి పోసిన ముగ్గు ఇది. పోయిన ఆదివారం సాయంత్రం పోశారు. బుధవారం పొద్దున, స్టీల్ ప్లాంటు డ్యూటీకి వెళ్ళే బస్సులో, కిటికీ పక్క సీట్లో, నిద్రపోయిన మనిషి నిద్రపోయినట్టే వెళ్ళిపోయారు. కూర్మన్నపాలెంలో కండక్టరు తట్టి లేపాడట. దిగాల్సిన చోట ఆయన దిగకపోవడం జీవితంలో అదొక్కసారే.

సభ కమ్యూనిటీ హాల్లో పెడదామన్నారు. ఫ్యాన్లున్నాయి, మైకుంది, నీడుంది. కాదు, ఈ ఇసకలోనే పెట్టాలని మొండికేసింది నేను. ఎందుకో చివర్లో చెప్తాను. ఈలోగా, గాలికి ఆయన ఫోటో పడిపోకుండా ఇటుక అడ్డం పెట్టాం చూడండి, ఆ ఇటుక ఆయనకి నచ్చేది కాదు. మూల విరిగింది.

నా పేరు వీరేంద్ర. సివిల్ ఇంజనీరింగ్ చదివాను. నా పేరూ ఆ చదువూ పక్కపక్కన విన్నప్పుడల్లా మేస్త్రి గారు నవ్వాపుకోడానికి దగ్గేవారు.

1998 ఎండాకాలం. మన గవ్వలపాలెంలో తాటాకు పాకలన్నీ ఒక్క మధ్యాహ్నంలో కాలిపోయాయి. మళ్ళీ తాటాకులేనా, ఇటుకతో కడదాం, కూలి లేకుండా ఆదివారాలు వచ్చి కడదాం అని మాస్టారు పిలుపిచ్చారు. మొదటి ఆదివారం వచ్చిన మనిషి ఒక్కడు. అన్నం క్యారేజీ సంచిలో తాపీ పెట్టుకుని వచ్చాడు. స్టీల్ ప్లాంటులో కొలిమి లోపలి గోడలకి ఇటుక పేర్చే మేస్త్రి. ఆరు రోజులు నిప్పుకి ఇల్లు కట్టేవాడు. ఏడో రోజు మనుషులకి కట్టడానికి వచ్చాడు. ఆ తర్వాత అయిదేళ్ళు, ఏ ఆదివారమూ మానలేదు.

రెండో నెలలో మేం దిగాం. ఇరవై రెండుమందిమి, కాలేజీ బస్సులో. అందరికీ ఒకే రంగు టోపీలు. బ్యానరు పట్టుకోడానికే ఆరుగురం. అబద్ధం ఎందుకు, సర్టిఫికెట్ కోసమే వచ్చాం. దాహమేసి నేను నీళ్ళ డ్రమ్ము వైపు తిన్నగా నడిచాను. వెనకనుంచి ఒక గొంతు.

“బావూ, ఆగు. గోడలోంచి నడిసొచ్చేసినావు. దెయ్యానివేటి?”

నవ్వాను. ఆయన నవ్వలేదు. వెనక్కి తిరిగి చూస్తే నేను తొక్కుకుంటూ వచ్చింది ముగ్గు గీత. ఆ గీతల మధ్య ఒక కుటుంబం ఉంది. తల్లి అన్నం వారుస్తోంది. తండ్రి వల బాగు చేసుకుంటున్నాడు. ఒక చిన్నపిల్ల పడకగదిలో నిద్రపోతోంది. గోడ లేదు, కప్పు లేదు, పైన ఆకాశంలో గద్ద తిరుగుతోంది. ఆ పిల్ల మాత్రం తలుపేసుకున్నట్టు పడుకుంది. నేను వెనక్కి వెళ్ళాను. చుట్టూ తిరిగి, గీత తెగిన చోటునుంచి లోపలికి వచ్చాను. వస్తూ వస్తూ, మిత్రులారా, నా తల దానంతట అదే వంగింది. లేని ద్వారబంధానికి తల వంచాను! ఆ రోజు నాకేదో అయింది. ఇంకా తగ్గలేదు.

అది మేస్త్రి గారి పద్ధతి. ముగ్గు పోశాక గునపం ముట్టనిచ్చేవారు కాదు. ఇంటివాళ్ళు ఒక రోజంతా ఆ గీతల్లో కాపురం చెయ్యాలి. వండుకోవాలి, తినాలి, కునుకు తియ్యాలి, పోట్లాడుకోవాలి. ఆయన ఓ రాయి మీద కూర్చుని, బీడీ వెలిగించడం మర్చిపోయి, వాళ్ళ కాళ్ళు చూసేవారు. ఎక్కడ మాటిమాటికీ గీత దాటుతున్నారో అక్కడ గుమ్మం. ఎక్కడికి వెళ్ళి ఊరికే నిలబడుతున్నారో అక్కడ కిటికీ. “ఇల్లు మనం కడతన్నావనుకుంటన్నావా బావూ? ఆల్ల కాల్లు సెప్తాయి. మనం రాసుకోడవే” అనేవారు.

చదువుకున్నవాళ్ళం, మనం ఊరుకుంటామా?

కాసులమ్మత్త ఇంటికి మేమే గ్రాఫ్ కాగితం మీద ప్లాను గీశాం. రోడ్డు పడమట ఉంది కాబట్టి వాకిలి పడమటికి. తూర్పున సముద్రం, ఉప్పు గాలి, కాబట్టి అటు నిండు గోడ. శాస్త్రం! ముగ్గింట కాపురం రోజున కాసులమ్మత్త పొద్దంతా వెళ్ళి ఆ తూర్పు గీత మీదే కూర్చుంది. ఆవిడకి ప్లాను అర్థం కాలేదనుకున్నాం. పునాది లేచాక ఒక వారం మేస్త్రి గారికి ఆదివారం కూడా డ్యూటీ పడి, ఆయన సాయంత్రానికి గానీ రాలేనన్నారు. ఆయన వచ్చేలోగా తూర్పు గోడ కళ్ళ ఎత్తు దాకా లేపేశాం. ఆయన్ని ఆశ్చర్యపరుద్దామని!

వచ్చారు. క్యారేజీ సంచి దింపారు. గోడని చూశారు. కాసులమ్మత్తని చూశారు. ఆవిడ మునివేళ్ళ మీద నిలబడి గోడ మీదుగా నీళ్ళకేసి చూస్తోంది. అంతసేపూ అలాగే ఉందట. మాలో ఒక్కడు చూస్తే ఒట్టు.

“బోటు రోడ్డు మీదొస్తాదేటి బావూ?” అన్నారు మేస్త్రి గారు. అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

గోడ మేమే విప్పాం. ఒక్కో ఇటుకా కడిగాం. ఇటుకని అలా పసిపిల్లకి పోసినట్టు నీళ్ళు పోసి కడగడం ఏ సిలబస్‌లోనూ లేదు. ఇవాళ ఆ తూర్పు గుమ్మంలో కాసులమ్మత్త కూర్చుంటే, వెలుగులో సగం ఇంట్లో, సగం సముద్రంలో ఉన్నట్టుంటుంది. బోట్లు ఒకటొకటే మంచులోంచి తేలి వస్తాయి. ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటుంది. ఆఖరిది వచ్చాక లేచి పొయ్యి వెలిగిస్తుంది.

ఇలా ముప్పై ఎనిమిది ఇళ్ళు. మరి ఆయన ఇల్లు?

గోపాలపట్నంలో ఒక గది, అద్దెకి. ఓసారి అడిగాను, మీకూ ఒకటి కట్టుకుందాం, మేమంతా వస్తాం కదా అని. ఆయన నన్ను ఇంటికి తీసుకెళ్ళారు. సందె వేళ. వాటా ముందు వాకిలి ఊడ్చి ఉంది. ఈయన, ఈయన భార్య చిలకమ్మ పిన్ని, ఇద్దరూ ముగ్గు డబ్బా పట్టుకుని గొంతుక్కూర్చుని ఇల్లు గీయడం మొదలుపెట్టారు. వారానికో ఇల్లట. పెళ్ళయినప్పటినుంచీ. పోయిన వారం మండువా, ఈ వారం మేడ. మెట్లు ఎటుండాలో తేలక గొడవ. గీశాక అందులోకి వెళ్ళి, ముందుగదిలో కూర్చుని టీ తాగారు. నాకు మేడ మీద పీట వేశారు. పొద్దున్నే కల్లాపి పడి ఆ మేడ కరిగిపోతుంది. చిలకమ్మ పిన్ని అంది: “ఒక్కింట్లోనే ఉండిపోయినోల్లకి ఏటి తెలుస్తాదిరా? మాం ఎన్ని ఇల్లల్లో ఉన్నాం!”

పిన్నీ, ఏడవకు. లేదు, ఏడువు. నేనేదో అలవాటుగా అన్నాను.

ఇక అసలు సంగతికి వస్తాను. నవ్వులు ఇక్కడికి ఆపేస్తాను, ఆపగలిగితే.

పోతమ్మత్త, మనవరాలు, ఆ తిరగేసిన పడవ పక్కన టార్పాలిన్ కింద ఉంటున్నారు. ఇది జూన్. ఇటు చూడండి, సముద్రం మీద మబ్బు ఎలా కూర్చుందో. వానలు ముదిరేలోగా గోడలు లేచి రేకులు పడాలని మేస్త్రి గారు మాటిచ్చారు. నిన్న మన ఇళ్ళ కమిటీ కూర్చుని, మేస్త్రి లేకుండా ఎలా కడతాం, వానలయ్యాక చూద్దాం అంది. కమిటీది తప్పు అనను. కమిటీలో నేనూ ఉన్నాను. తల ఊపినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఎందుకంటే అయిదేళ్ళలో నేను కట్టిన ఏ గోడా నిటారుగా లేదు. ఆయన తూకం గుండు వేలాడదీసి చూసి, “గోడేటి బావూ, సముద్రానికి దణ్ణవెడతంది?” అనేవారు. విప్పేవారు. మళ్ళీ కట్టించేవారు. నాకు భయం. విప్పేవాడు లేకుండా గోడ కట్టాలంటే భయం.

నిన్న సాయంత్రం చిలకమ్మ పిన్ని మా ఇంటికి వచ్చింది. కొంగు ముడిలోంచి ఈ తూకం గుండు తీసి నా చేతిలో పెట్టింది. “ముగ్గు పోసి వదిలీసిన ఇల్లు ఆయన బతుకులో నేదు. నువ్వొదిలేత్తే నానూరుకోను” అంది. గుండు ఇంకా వెచ్చగా ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ వెచ్చగానే ఉంది.

సభ ఇక్కడ ఎందుకు పెట్టానో ఇప్పుడు చెప్తాను. ఈ ఇంటికి ముగ్గింట కాపురం ఇంకా కాలేదు. ఈ ఆదివారం చెయ్యాలని మేస్త్రి గారే పెట్టారు. ఆ ఆదివారం ఇవాళే. అందుకే పొద్దుటినుంచీ పోతమ్మత్త ఇక్కడ వండుతోంది, మనవరాలు ఆ మూల పడుకుంది, మీరంతా చుట్టాల్లా వచ్చి గోడల మీద కూర్చున్నారు. ఇల్లన్నాక చావు కబురుకి జనం రావడం కూడా కాపురంలో భాగమే కదా?

నేనింతసేపూ మీ మొహాలు చూస్తూ మాట్లాడాననుకున్నారు. కాదు. పోతమ్మత్త కాళ్ళు చూశాను. టీ నీళ్ళకి మూడుసార్లు లేచింది. మేస్త్రి గారు గుమ్మం రోడ్డు వైపు పెట్టారు. ఆవిడ మూడుసార్లూ ఉత్తరపు గీత దాటి కాసులమ్మత్త కుళాయికి వెళ్ళింది. పంచదారకి కూడా అటే. ఏం అత్తా? “నాను దాటినానేటి? నాకే తెల్దురా!” అంటోంది. విన్నారా? కాళ్ళకి తెలుసు.

మేస్త్రి గారూ, మీ ముగ్గులో ఒక తప్పు దొరికింది. అయిదేళ్ళకి దొరికింది. మీరుంటే ఎంత గొప్పగా చెప్పేవాణ్ణి!

ఇదుగో, ఉత్తరపు గీతని ఇక్కడ నా కాలితో చెరిపేస్తున్నాను. మూడడుగులు. ఇది గుమ్మం. చెప్పులు విడిచిన చోట గునపాలు, పారలు ఉన్నాయి. లెక్కపెట్టి తెచ్చాను, సాకులు చెల్లవు. తల ఊపినవాళ్ళలో మొదటివాణ్ణి కాబట్టి మొదటి పోటు నాది. నా గోడ వంగితే మీలో ఎవరైనా విప్పండి. విప్పి, మళ్ళీ నాచేతే కట్టించండి.

దానికి ముందు ఒక్క పని. అందరూ లేవండి. మెల్లగా. గీతలు తొక్కకండి. ఎవరి గదిలో వాళ్ళు నిలబడండి. మాస్టారూ, మీరు ముందుగదిలో. పిన్నీ, నువ్వు పొయ్యి దగ్గర, పోతమ్మత్త పక్కన. రెండు నిమిషాలు ఎవరమూ మాట్లాడవద్దు. నేను కూడా.

ఈ కొత్త గుమ్మానికి మాత్రం ఎవరూ అడ్డం నిలబడకండి. ఇప్పుడాయన గోడలోంచి నడిచి రాగలరు. అయినా రారు. చుట్టూ తిరిగి, గుమ్మంలోంచే వస్తారు.