రెండు కిటికీ సీట్లు

(వంటగది బల్ల మీద యూరప్‌లోని ఒక పాత నగరపు పటం పరిచి ఉంది. ఒకవైపు పోయిన నెలలో రిటైరైన సిటీ బస్సు డ్రైవరు, ఇంకోవైపు అతని భార్య.)

“వంతెన మీద రెండు నిమిషాలేనా?”

“చాలే. ఎనిమిదీ పదికి వంతెన. ఎనిమిదీ పన్నెండుకి కదిలితే ఎనిమిదిన్నరకల్లా కోట.”

“ఏమండీ, అది కట్టడానికి నలభై ఏళ్ళు పట్టిందట. దాని మీద ముప్పై రాతి బొమ్మలున్నాయట. ఒక్కో బొమ్మకి నాలుగు సెకన్లు ఇస్తారా?”

“సరే, అయిదు నిమిషాలు. అంతకు మించితే తొమ్మిదో నంబరు ట్రామ్ తప్పిపోతుంది. మళ్ళీ ఎనిమిది నిమిషాలు ఆగాలి.”

“ఆగుదాం. డిపో మేనేజరు అక్కడికొచ్చి మెమో ఇస్తాడా?”

“నవ్వు, నవ్వు. ఇదిగో, కోట దగ్గర ఆ మలుపు చూశావా? రాళ్ళు పరిచిన వీధి, పైగా ఎత్తు. అంత పొడుగు బండిని అక్కడ తిప్పేవాడికి దండం పెట్టాలి. నేను ముందు నిలబడి చూస్తా.”

“మనం వెళ్ళేది సరదాకి. డ్యూటీకి కాదు.”

“చూడ్డమేగా.”

“అతని పక్కన చేరి బ్రేకుల గురించి మొదలుపెట్టారో, నేను తర్వాతి స్టాపులో దిగిపోతాను. ముందే చెప్తున్నా.”

“వాడి భాష నాకు రాదుగా.”

“బ్రేకుల గురించి చెప్పడానికి మీకు భాషెందుకు? చేతులూ కాళ్ళూ ఊపితే సరి.”

“ఇవాళ నీకు పట్టపగ్గాల్లేవు.”

“ఉండవు మరి. ఈ ప్రయాణం అనుకున్నప్పటినుంచి నా కాళ్ళు నేల మీద నిలవట్లేదు. పొద్దున టీలో పంచదార బదులు ఉప్పేశాను. మీరు తాగేశారు కూడా.”

“అదా సంగతి. కొత్త టీపొడేమో అనుకున్నా.”

“ఇంతకీ విమానం టికెట్లు తీశారా?”

“కోట తర్వాత ఆ గడియారం మేడ...”

“టికెట్లు అడిగితే మేడలెక్కిస్తారేం?”

“తీశానే. పొద్దునే తీశాను. తొమ్మిది గంటల ప్రయాణం. ఇద్దరికీ కిటికీ సీట్లే.”

“ఇద్దరికీ కిటికీలా? పక్కపక్కన ఎలా కుదిరిందండీ?”

“పక్కపక్కన కాదు. నీది ఇరవై ఒకటో వరస. నాది ఇరవై రెండు. సరిగ్గా నీ వెనకే.”

“వెనకా?”

“ఊఁ.”

“ఒకరి వెనక ఒకరు.”

“అయితేనేం? మబ్బులు చూస్తావు, కొండలు చూస్తావు...”

“మార్చండి.”

“కిటికీ వద్దా?”

“నాకు మధ్య సీటైనా సరే. మార్చండి.”

“ఇప్పటిదాకా నవ్వుతూనే ఉన్నావు. అంతలోనే కోపమెందుకే?”

“కోపం కాదు. ఇరవై ఆరేళ్ళు మీ పొద్దుటి బస్సులోనే లైబ్రరీ ఉద్యోగానికి వెళ్ళాను. రోజూ అదే సీటు, మీ వెనకాల. నా పక్కన ఎవరెవరో కూర్చునేవాళ్ళు, నిద్రపోయి నా భుజం మీద వాలేవాళ్ళు. మీ చొక్కా వీపు మీద కుట్టు ఎక్కడ వంకరగా ఉందో ఇప్పటికీ చెప్పగలను. ఆ కోటా వంతెనా బాగానే ఉంటాయి, కాదనను. కానీ నేను రోజులు లెక్కపెడుతున్నది ఆ తొమ్మిది గంటల కోసం. మీ చేతిలో స్టీరింగు ఉండదు. మీ పక్కన కూర్చోవచ్చు. అంతేనండీ.”

“మారుస్తాలే. ఇప్పుడే మారుస్తా.”

“ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూశారా అసలు?”

“బండి నడుపుతూ వెనక్కి తిరిగితే ఉద్యోగం ఉంటుందా?”

“అదే నేనూ అంటున్నది.”

“నా తల మీద ఒక అద్దం ఉండేది, గుర్తుందా? ఎక్కేవాళ్ళనీ దిగేవాళ్ళనీ చూసుకోడానికి.”

“ఉంటే?”

“రోజూ సాయంత్రం డిపోలో మెకానిక్ దాన్ని గుమ్మం వైపు సరిచేసేవాడు. ఎవడు తిప్పుతున్నాడ్రా దీన్ని అని తిట్టుకునేవాడు. పొద్దున నువ్వు ఎక్కి కూర్చోగానే నేను మళ్ళీ నీ వైపు తిప్పుకునేవాణ్ణి. విమానంలో నాకు అద్దం ఉండదు కదా, అందుకే నిన్ను ముందు సీట్లో వేశాను.”