ఫ్లెక్సీలో ఉన్నదే పంపిన

నేరేడుచర్లలో కొత్తగా పెట్టుకున్న తన దుకాణంలో ఆమె పెళ్లి ఆల్బమ్ దిద్దుకుంటోంది. తను ఆరేళ్లు పనిచేసిన మిర్యాలగూడ ఫోటో స్టూడియో ఓనరు నుంచి ఫోన్ మూడోసారి మోగాక, తీరిగ్గా ఎత్తింది.

“చెల్లె, పాత కంప్యూటర్ ఖతమైంది. మ్యాక్ కొన్న. ఆల్బమ్ సాఫ్ట్‌వేర్ దీంట్లకు మార్సాలంటే లైసెన్స్ నీ మెయిల్ మీద ఉందంటున్నరు కంపెనీ వాళ్లు.”

“మీకు మెయిల్ లేదని నాది పెట్టమన్నది మీరే, సార్.”

“సార్ ఏంది? అన్నా అని పిలిసేదానివి గద.”

“అది మీరు ఫ్లెక్సీ కట్టకముందు.”

“సొంతంగ దుకాణం పెడతానంటే కోపమొచ్చి కట్టిన. ఇడిసిపెట్టు. మార్సమని కంపెనీకి జర ఒక మెయిల్ కొట్టు. ఎల్లుండి నాలుగు ఆల్బమ్‌లు ఇయ్యాలె.”

“వాళ్లే పొద్దుగాల ఫోన్ చేసిన్రు. గా స్టూడియో వాళ్లకు లైసెన్స్ మార్సమంటరా అని అడిగిన్రు.”

“నువ్వేమన్నవ్?”

“నోటితోని ఏమనలే సార్. బస్టాండు కాడ నా ఫోటో ఏసి మీరు కట్టిన ఫ్లెక్సీని అప్పుడే ఫోన్ల తీసి పెట్టుకున్న. గదే పంపిన. ‘ఈమెకు మా స్టూడియోతో ఎలాంటి సంబంధం లేదు’ అని కింద మీ పేరు గూడ ఉన్నది.”



“వాళ్లేమన్నరు?”

“సదువుకొని, సరే మేడం, సంబంధం లేనోళ్లకు మార్సం అన్నరు.”