గడప ఇవతల

నాలుగో అంతస్తు. రిటైరైన డ్రాయింగు టీచరు బాల్కనీలో మొక్కల తొట్లు జరుపుతోంది. గడపకీ బాల్కనీ నేలకీ మధ్య పడిన సందు పూడ్చడానికి వచ్చిన మేస్త్రీ గదిలోనే, గడపకు ఇవతల నిలబడిపోయాడు.

"అక్కడే నిలబడ్డావేం మేస్త్రీ? ఇటొచ్చి చూడు. చెప్పులు విడవక్కర్లేదు, ఇక్కడంతా మట్టే."

"ఇక్కణ్ణించి కనబడుతోంది టీచరమ్మా. ఈ సందు ఎన్నాళ్ళనించి?"

"పోయినేడు కాయితం పట్టేది. వానల ముందు పెన్సిలు పట్టింది. మొన్న చూస్తే రెండు పెన్సిళ్ళు పక్కపక్కనే దిగిపోయాయి."

"పెన్సిలుతో కొలిచారా?"

"ముప్పయ్యేళ్ళు బొమ్మలు గీయించినదాన్ని, ఇంట్లో ఇంకేం ఉంటాయి నాయనా? చీమలొస్తున్నాయని కొబ్బరి పీచు కుక్కా. అందులో గంగవాయిలి దానంతటదే మొలిచింది, చూశావా? దాన్ని పీకకుండా పూడ్చాలి మరి."

"అలాగేనమ్మా. మీరు ముందు లోపలికి రండి. కాసిని మంచినీళ్ళివ్వండి."

"బిందె నీ వెనకాలే ఉంది. గ్లాసు దానిమీదే ఉంది. తాగు."

"మీరు తీసిస్తే..."

"చేతులు మట్టి. నువ్వేమన్నా పెళ్ళికొచ్చావా, తీసివ్వడానికి? ఈ పెద్దది జరిపేస్తే వచ్చేస్తా. పక్క బిల్డింగు అడ్డమై చలికాలం ఎండ గోడదాకా రాదయ్యా. పిట్టగోడ దగ్గరే ఆగిపోతుంది. అందుకని ఏటా ఇప్పుడు తొట్లన్నీ అటు జరపడం, ఎండలు ముదిరాక మళ్ళీ గోడకి జరపడం."

"అన్నీ పిట్టగోడకేనా?"

"అన్నీ. ఇదే ఆఖరుది. పాత సింకు ఇది. ఎవరో రోడ్డుమీద పారేస్తే మోయించుకొచ్చా. ముల్లంగి ఎంత బాగా వస్తుందో ఇందులో. ఆ సూట్‌కేసు మా ఆయనది, అందులో పాలకూర. కుక్కర్లో పుదీనా. రంగు డబ్బాలు పద్దెనిమిది, టమాటాలు, వంగ, బీన్సు. ఒక్కటీ కొన్నది కాదు."

"మట్టి?"

"మట్టి ఎవరైనా పారేస్తారా? పంటైపోయాక అందులోనే ఎండుటాకులు, తొక్కలు కలిపి మళ్ళీ నింపుతా. పదకొండేళ్ళనించి వేయడమే కానీ తీయడం లేదు."

"పదకొండేళ్ళు."

"ఏం, వంక పెడతావా?"

"లేదమ్మా. ఇవాళ నీళ్ళు పోశారా?"

"పొద్దున్నే, అంచుదాకా. పొడిమట్టి జరిపితే బీటలిచ్చి వేళ్ళు తెగుతాయి. ముందు నిండా తడపాలి, తరవాతే జరపాలి. ఆ పని కూడా ఈమధ్య సులువైపోయిందిలే. ఇదివరకు నీళ్ళు గోడ మొదట్లో నిలబడి చచ్చేవి, చీపురుతో నెట్టలేక నడుం పోయేది. ఇప్పుడు వాటంతటవే అంచుకి పారిపోతున్నాయి."

"ఎప్పణ్ణించి?"

"ఓ నెల. ఏం, ముఖం అలా పెట్టావు?"

"ఏం లేదు. టీచరమ్మా, ఆ సింకు అక్కడే వదిలేయండి. నేను జరుపుతా తరవాత."

"నువ్వు గడపే దాటనివాడివి, సింకేం జరుపుతావు? చూడు, ఇదిగో, నేనే..."

"పిన్నిగారూ!"

"ఆఁ, ఏంటమ్మా? కింది వాటా అమ్మాయి, మేస్త్రీ. నారుకోసమై ఉంటుంది."

"పైన ఏం లాగుతున్నారు పిన్నిగారూ? ఆరేసిన బట్టలమీద సున్నం రాలుతోంది. ఇందాకణ్ణించీ ఇదే వరస."

"అయిపోయిందమ్మా, ఇదే ఆఖరు! నీవి జరుపుకున్నావా?"

"ఇంకా లేదు. మీరు పదింటికన్నారుగా. ఇప్పుడే తడిపా."

"అమ్మా, కింద ఉన్నావిడా! మేస్త్రీని. లోపలికెళ్ళిపోండి. ఇక్కడ సిమెంటు కలుపుతున్నా, మీద పడుతుంది. పిల్లలుంటే వాళ్ళనీ తీసుకెళ్ళండి. తలుపేసుకోండి."

"బట్టలు తీసుకుని..."

"బట్టలు వదిలేయండమ్మా. వెళ్ళండి."

"సరే సరే, వెళ్తున్నా. అరుస్తారెందుకు?"

"ఎక్కడ కలుపుతున్నావయ్యా సిమెంటు? సంచీ మూతైనా విప్పలేదు. ఆ పిల్లకి అబద్ధం చెప్పావెందుకు?"

"మీక్కూడా ఓ అబద్ధం చెబుదామని చూస్తున్నా టీచరమ్మా, తోచట్లేదు."

"ఏంటి ఆ మాట?"

"మీరు కదలకండి. కంగారు పడకండి. సింకు మీద చేతులు తీసేయండి. మెల్లిగా గోడ పక్కకి రండి."

"ఓహో. ఇది పడిపోతుందనా? నవ్వొస్తోంది నాకు. ఇనుములా ఉంది, ఇదిగో చూడు, కాలితో తన్ని చూపిస్తా..."

"తన్నకండి!"

"మెల్లిగానే తన్నాలేవయ్యా."

"తన్నకండి. విన్నారా ఆ చప్పుడు?"

"...ఇసక రాలినట్టుంది."

"గోడనానుకుని రండి. అటు చూడకండి, నన్ను చూడండి. ఇంకో అడుగు. ఆ సందుమీద కాలు పెట్టకండి, దాటండి. చెయ్యివ్వండి."

"చెయ్యి నొప్పెడుతోంది, వదులు మేస్త్రీ."

"మీరొచ్చేశారుగా. ఇక ఫరవాలేదు. కూచోండి."

"కూచోను. సందు చూసి ఇంత గోల చేసేవాళ్ళు ఎవరూ ఉండరు. నువ్వు గడప దగ్గరకి రాగానే ఆగిపోయావు. సందు చూడకముందే ఆగిపోయావు. నీకెలా తెలుసు?"

"ఫోనులో వీధి పేరు సరిగ్గా వినలేదమ్మా. వీధిలోకి వచ్చాక గుర్తుపట్టా."

"దేన్ని?"

"ఈ బాల్కనీ నేను కట్టిందే."

"నువ్వా?"

"నాకు ఇరవై రెండేళ్ళప్పుడు. మా పెద్దమేస్త్రీకి జ్వరం. నువ్వే చూసుకోరా అన్నాడు. పొంగిపోయా. ఇలా గాల్లోకి వచ్చే పలకకి ఇనప ఊచలు పైభాగంలో వెయ్యాలమ్మా, గదుల కప్పుకేమో కిందిభాగంలో. నేను అన్నింటికీ కిందే వేశా."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఆయన లేచొచ్చాక చెప్పా. అప్పటికే కాంక్రీటు పోసేశాం. నోరుమూసుకో, బాల్కనీలో ఏం పెడతార్రా, ఓ కుర్చీ, నాలుగు తడిబట్టలు, వాటిని మోస్తుందిలే అన్నాడు. నిజమే, మోసింది. ఇటువైపు పనికొచ్చినప్పుడల్లా కింద నిలబడి తలెత్తి చూసేవాణ్ణి. కుర్చీలు, బట్టలు. అవి చూసుకుని ఇంటికెళ్ళి అన్నం తినేవాణ్ణి. ఈ పన్నెండేళ్ళూ పనులన్నీ ఊరవతలే, ఇటు రాలేదు."

"పెద్దమేస్త్రీకి జ్వరం ఎన్నాళ్ళు?"

"ముందు మీరు కూచోండి టీచరమ్మా."

"నిన్నే. ఇదొక్కటేనా నువ్వు పోసింది?"

"ఈ వరసలో ఆరు బిల్డింగులమ్మా. ఆ ఏడాదంతా ఆయన మంచంమీదే ఉన్నాడు."

"ఆరూ?"

"ఇవాళ వీధి మొదట్లోనే ఆగిపోయా. ఏ బాల్కనీ చూసినా తొట్లే. బకెట్లు, డబ్బాలు, పాత టబ్బులు. ఇదేం పిచ్చి, ఇంతమందికి ఒకేసారి ఎలా పట్టుకుందనుకున్నా. ఎవరు నేర్పారమ్మా వీళ్ళకి?"

"మట్టి పారేయకూడదని... ముందు తడపాలని..."

"ఎవరు?"

"ఇవాళ ఆదివారం, పొద్దున పదింటికి వీధిలో అందరం ఒకేసారి పిట్టగోడకి జరుపుదామని... నేను పెద్దదాన్ని, నిదానం కదా, అందుకని ముందే మొదలెట్టా. మేస్త్రీ, ఆ గోడ గడియారం ఆగిపోయి చాన్నాళ్ళయింది. నీ ఫోను చూడు. టైమెంతయింది?"