వీరసామి మామ తెరిచిన దేశం

విరుదునగర్‌లో పరదేశాలకు ఇంటిపనికి పంపే ఏజెంటును చూసి, కోవిల్‌పట్టిలో బస్సు దిగిన కాళీశ్వరి ఇంటికి పోకుండా నేరుగా సెల్లత్తాయి టీ అంగడికి వచ్చింది. వీరసామి మామ ఆ వేళకు అక్కడే ఉంటాడు. వాళ్ళ తెలుగు వీధిలో పరదేశం పోయి వచ్చినవాడు ఆయనొక్కడే.

ఏజెంటు మలేసియా అన్నాడు, ఒమన్ అన్నాడు, మాల్దీవులు అన్నాడు. "లోకమంతా ఓపెన్ అయిపోయిందక్కా. చీర ఎంచుకున్నట్టు ఎంచుకో, రేపటికల్లా చెప్పు" అన్నాడు అరవంలో. ఓపెన్ అయిన సంగతి కాళీశ్వరికి తెలుసు. పెళ్ళికి ముందు నుంచీ ఆమె పనిచేసిన అగ్గిపెట్టెల కంపెనీ బయటి దేశాల ప్లాస్టిక్ లైటర్లు వచ్చిపడినాక మూతబడింది. మొగుడు ముత్తుపాండి అరుప్పుకోట్టైలో మరమగ్గాల దగ్గరికి పోతే అక్కడా పని ఉన్న రోజు ఉంటుంది, లేని రోజు లేదు. ఇక మిగిలింది ఆమె పోవడమే. పిల్లల్ని అత్త దగ్గర వదిలి పోవాలి. కానీ యాడికి?

"మామా, ఏజెంటు దేశం ఎంచుకోమన్నాడు. నువ్వు పోయి వచ్చినావు గదా. ఏ దేశం మంచిది?" అని అడిగింది.

వీరసామి టీ గ్లాసు కింద పెట్టి పంచె సర్దుకున్నాడు.

"దేశాల సంగతా? కూర్చో తల్లీ. నేను ఏసీ మెకానిక్కు దగ్గర చేతికింద పనిలో ఉన్న దేశం, పేరు మాత్రం అడగొద్దు, చెప్పనని మాటిచ్చి వచ్చినా. ఒకదినం వాళ్ళ మంత్రుల సభలో ఏసీ నిలిచిపోయె. మెకానిక్కు చూసె, ఇంజనీరు చూసె, ఊహూఁ. నేను పోయి స్క్రూడ్రైవరు పిడితో ఒక్క తట్టు తడితిని, అంతే!"

"ఇది నమ్మొచ్చు," అన్నాడు పక్కన కూర్చున్న మాడన్. అతనూ కాళీశ్వరి పనిచేసిన కంపెనీలోనే అగ్గిపుల్లల మందు కలిపి, ఇప్పుడు ఊరికే ఉన్నాడు.

"ఇంకా విను. చల్లగాలి తగిలేసరికి పెద్దమంత్రి నా చెయ్యి పట్టుకుని, వీరసామీ, దేశం కూడా ఇట్లే నిలిచిపోయింది, ఏం చేయమంటావు అనె. నేనంటిని, అయ్యా, మా సంతలో వంకాయకు ధర చెప్పేదానికి మంత్రి వస్తాడా? అన్నీ వదిలేయండి. ఫ్రీ మార్కెట్ పెట్టండి."

"ఫ్రీ అంటే ఉచితమా అన్నా?" అంది సెల్లత్తాయి పాలు పొంగకుండా ఊదుతూ.

"పిచ్చిదానా, ఏదీ ఉచితంగా ఉండకూడదు, దాని పేరే ఫ్రీ! తెల్లారేసరికి ఆఫీసులన్నిటికీ తాళాలు పడె. తాళంచేతులన్నీ నా పంచె కొంగున. ఆ తరువాత ఏమైందనుకుంటారు? రోడ్లు అమ్మితిమి, రేవు అమ్మితిమి. ఏటిని ఏలంపాటలో పెడితే, కొండమీద వాళ్ళు ఎక్కువ పాడిరని ఏరు వెనక్కి తిరిగి కొండెక్కి పోయె! మేఘాలు వచ్చి ముందు ధర మాట్లాడుకునే కురిసేవి. కడపటికి అధ్యక్షుడి కుర్చీ కూడా పాటకు వచ్చె. నేనే పాడి పొద్దున కూర్చుంటి. తలనొప్పి. టీ వేళకు లేచేస్తి."

కాళీశ్వరి నవ్వింది. పొద్దున్నుంచి అదే మొదటి నవ్వు.

"ఈ సంగతి చుట్టుపక్కల దేశాలకు పాకె. ఒక దేశం, మా పౌరుడివి అయిపో, పన్ను కట్టే పనే లేదనె. ఇంకొకటి బంగళా ఇస్తాననె. మూడోది ఏం చేసెనో తెలుసా? తన్ను తానే అడుగున కోసుకుని, పడవ మాదిరి తేలుతూ రేవుకు వచ్చి నిలిచి, వీరసామిగారూ, నాలోనే కాపురం ఉండండీ అని ఏడ్చె! మూడు దేశాలు! మూడింటినీ వద్దని వచ్చేస్తి."

మాడన్ తొడ కొట్టుకుని నవ్వాడు. కాళీశ్వరి నవ్వు మాత్రం ఆగిపోయింది.

"మామా, మూడు దేశాల్ని వద్దన్నావు గదా. వాటిలో ఒకటి నాకియ్యి. పొద్దున్నే పోతా."

ఎగతాళికి అనలేదామె. నిజంగానే అడిగింది. ఇన్ని కోతల అడుగున పనికొచ్చే మాట ఒక్కటైనా ఉంటుందని ఆయన నోటివైపే చూస్తూ కూర్చుంది. వేళకు కూడు పెడతారా, తలుపుకు లోపల గడియ ఉంటుందా, అట్లాంటి మాట.

వీరసామి టీ గ్లాసును పక్కకు జరిపాడు.

"నేను దేశం యాడ చూస్తి తల్లీ," అన్నాడు. "గదిలోంచి బండి, బండిలోంచి మేడమీద ఏసీల దగ్గరికి, మళ్ళీ గది. ఏది మంచిదో నాకు తెలీదు. ఇంటికి రావాలనుకున్నప్పుడు రానిచ్చేది ఏదని అడుగు ఆ ఏజెంటును. నన్ను రానియ్యలే. మా అమ్మ పోయినప్పుడు కూడా."

కాళీశ్వరి అక్కడినుంచే ఏజెంటుకు ఫోను చేసి, ఆ మాటే అరవంలో అడిగింది.

"పోకముందే రావడం గురించి ఎందుకక్కా? ఏ దేశమో చెప్పు, అవతల జనం కాచుకుని ఉన్నారు."

మామ ఆమె వైపు చూడలేదు.

"మీరే ఏదో ఒక దేశం రాసుకోండి," అని కాళీశ్వరి ఫోను పెట్టేసింది. ఏది రాసుకున్నాడో అడగలేదు.