గన్నవరం దాకా గంట

మాచర్ల గుడి మెట్ల దగ్గర తమ్ముడు కారు దిగేసరికి పన్నెండున్నర అయింది. అక్క ఎదురొచ్చింది.

“పిల్లాడి పుట్టువెంట్రుకలకి ముహూర్తం పదింటికని చెప్పానా లేదా?”

“విశాఖ నుంచి విమానంలో గంటేగా అక్కా! ఎనిమిదింటికల్లా దిగా.”

“ఎక్కడ దిగావు? గన్నవరంలో. అక్కణ్ణుంచి ఇక్కడికి నాలుగ్గంటల రోడ్డని ఈ ఊళ్ళో పుట్టినోడివి, నీకు తెలవదా? రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి వచ్చేవాడివిగా?”

“బస్సులో నడుము పడిపోద్దక్కా.”

“ఛీ! మొదటి కత్తెర వెయ్యాల్సిన మేనమామవి, ఆ మాట నోటికెట్టా వచ్చిందిరా? పాలుపోసే గురవయ్యని మామా అని పిలిచి వేయించాం.”

“ఇంక నేనేం చెయ్యను?”

“పో, వాడి గుండుకి గంధం రాయి. అదైనా నీకోసం ఉంచమన్నాడు గురవయ్య.”