హిస్టరీ పేపరుకు ముందురోజు

హలో… ఆ, నేనే చింటూ, అమ్మను. పొద్దటిసంది ఫోన్ చేతుల పట్టుకునే కూసున్న.

తిన్నవా?… ఏం పెట్టిండ్రు?… సరే, సరే. జైలోళ్లు ఇచ్చేదే ఐదు నిమిషాలు, అన్నం ముచ్చట్ల పోగొట్టుకోవద్దు. ఇగో, పక్కింటి సోనీ నా పక్కకే కూసున్నది. హిస్టరీ పుస్తకం తెరిచి పెట్టింది. మీ ముకుంద్ సార్ ఇంపార్టెంట్ ప్రశ్నలు చెప్పిండంట. మూడు రోజులసంది అది చదువుతుంటే నేను బట్టీ కొట్టిన.

ఆ, నేనే! వేలిముద్ర ఏసేదాన్నే… నవ్వు, నవ్వు. సోనీకే ఫోనిస్తనంటే ఒప్పుకోకపాయిరి. ఇంటి మనిషే మాట్లాడాల్నంట.

విను. మూసీ వరదలు. పందొమ్మిది వందల ఎనిమిది, సెప్టెంబర్ ఇరవై ఎనిమిది. పదిహేను వేల మంది పోయిండ్రు. వంతెనలన్నీ కొట్టుకపోతే పురానాపూల్ ఒక్కటే నిలవడ్డది. రోజూ దాని మీదికెల్లే కాలేజీల డ్యూటీకి పోత, నాకే తెల్వకపాయె. తర్వాత రెండు చెరువులు కట్టిండ్రు, ఒకటేమో… ఆ, ఉస్మాన్‌సాగర్. ఇంకోటి హిమాయత్‌సాగర్. చూసినవా, నీకు మస్తు యాదికున్నది!

ఏందీ?… రాయవా?

ఎందుకు రాయవు?… జడ్జి సార్ ఆర్డర్ ఇచ్చిండు గదరా. దానికోసం వకీలు ఎంటవడి చెప్పులరిగేదాక తిరిగిన. ఇద్దరు పోలీసోళ్లు తోల్కొస్తరు, రాసినంక తోల్కపోతరు… చూస్తే చూడనీ! దోస్తులు చూస్తరని మానేస్తవా? అన్నీ పాసై గీ హిస్టరీ ఒక్కటి ఉండిపాయె. ఇంటర్ పాస్ అని కాయితం ఉంటే, బయటికొచ్చినంక ఎవడన్న పనిస్తడు. లేకుంటే పురానాపూల్ లొల్లిల పింటూ గాన్ని పొడిచినోళ్లల్ల వీడొకడు… నీ పేరు మీద గింతే ఉంటది.

నువ్వు పొడవలే. నాకు చెప్పాల్నా అది? ఏడు నెలలసంది అందరికీ నేనే చెప్పుకుంట తిరుగుతున్న.

చింటూ… ఏమైందిరా, గొంతు గట్లున్నది?

కొట్టిండ్రా?… ఎవరు? పింటూ వాళ్లన్ననా? వాడు గదే జైలుల ఉన్నడా!… ఎన్నడొచ్చిండు?… ఏ చెయ్యి?… రాసే చెయ్యేనా?… వేళ్లు వంగుతున్నయా?… జైలు సార్లకు చెప్పినవా మరి?… చెప్తే ఇంకా కొడ్తడా…

అయ్యో బిడ్డా. నా కొడుకా.

లేదు, ఏడుస్తలేను. చెప్పు… ఏందీ, వస్తవా? రేపు వస్తవా?… హమ్మయ్య. గట్లను.

నేనా? నీకు సెంటర్ పడ్డది మా కాలేజీలనే గదా, గాడనే డ్యూటీల ఉంట. ఇన్నేండ్లసంది పరీక్షలప్పుడు హాళ్లల్ల నీళ్లిచ్చేది నేనే గానీ, ఈసారి కన్నకొడుకు రాస్తున్నడని హాల్లకు రావద్దన్నరు. వెనుక బాత్రూంల కాడ ఏసిండ్రు డ్యూటీ… ఆ, గాడనే. చెత్తబండి వచ్చే గేటు కాడ… ఉన్నది, గేటు అట్లనే ఉన్నది… తాళమా? నేనే ఏస్త. తాళంచెవి నా తాననే ఉంటది. ఎందుకడుగుతున్నవ్?

ఏందీ?

ఎయ్యడం మర్చిపోవాల్నా?

…

చింటూ. ఫోన్ల అన్నీ వింటరు రా.

… ఆగు. ఆగు, నన్ను మాట్లాడనీ. ఇంకో ప్రశ్న ఉన్నది. సోనీ, గా కోఠిల తెల్లదొరల రెసిడెన్సీ మీద దాడి చేసినాయన పేరేంది… ఆ, తుర్రేబాజ్ ఖాన్. పద్దెనిమిది వందల యాభై ఏడు. చదివినవా చింటూ?… జవాబు ఆఖరికి ఏమున్నది, చెప్పు… సరే, నేనే చెప్త. పట్టుకొని శిక్షేసిండ్రు. ఆయన జైలు నుంచి తప్పించుకున్నడు— సార్, వింటున్నరా సార్, గిది పుస్తకంల ఉన్న ముచ్చటే, పరీక్షకే సార్— తప్పించుకున్నంక ఏమైంది? తూప్రాన్ కాడ దొరకవట్టి కాల్చిండ్రు. పీనుగను తెచ్చి పట్నంల ఏలాడదీసిండ్రు. సోనీ గీ ముక్క చదివినప్పుడు, ఆయనకు అమ్మ ఉన్నదా అని అడిగిన. పుస్తకంల లేదంట.

విన్నవా?… నాకు భయమైతుంది బిడ్డా. మస్తు భయమైతుంది.

రేపు మూడు గంటలు కూసో. చెయ్యి నొస్తే ఆగి ఆగి రాయి. పరీక్ష కాంగనే వకీలు కాడికి ఉరుకుత. నిన్ను వేరే బ్యారక్‌ల ఎయ్యమని జడ్జి సార్ కాళ్లన్నా మొక్కుత. రెండు రోజులు ఓపిక పట్టు… ఎరుకే. లోపల రెండు రోజులంటే ఏందో నాకెరుకే…

గేటా?

ఏస్త. తాళం ఏస్త బిడ్డా. ఏసి గుంజి చూస్త.

… ఏమన్నవ్?… అమ్మనే రా. నిన్ను కన్న అమ్మనే. గందుకే ఏస్తున్న. తిట్టు, ఇంకా తిట్టు, పడ్త. గానీ రేపు వచ్చి రాసి—

హలో?… చింటూ?… హలో?

… టైమ్ అయిపోలే సోనీ. ఇంకో నిమిషముండె. వాడే పెట్టేసిండు.