ఓడ దారి తప్పిన పాఠం

పేటలోని వేన్నీళ్ల స్నానశాలలో స్నానాలు ముగించుకుని, ఇంకా ఆవిర్లు కక్కుతున్న ఒళ్లతో బెంచీల మీద కూలబడి, అందరూ చల్లటి పాలసీసాలు అందుకున్నారో లేదో, హిరనుమా మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఇవాళ ఆయన కోతలకు ఒక పనుంది. ముసలివాళ్లకు ఇంగ్లీషు నేర్పే కొలువు ఆయనకివ్వాలా, పట్నం నుంచి వచ్చే కుర్ర టీచరమ్మకివ్వాలా అన్నది రేపు తేల్చబోయే పేట పెద్ద కువబారా ఎదురుగానే ఉన్నాడు. మాస్టారు పాఠం చెప్పి పదహారేళ్లయింది. క్లాసు లేని బతుకు ఆయనకు చప్పగా ఉంది.

"నా గొప్పేం లేదు కువబారా గారూ. 'నేను ఈత కొట్టగలను' అని బోర్డు మీద ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాసేవాణ్ని. నేను 'కప్ప' అంటే పిల్లలంతా ఒక్క గొంతుతో 'కప్ప ఈత కొట్టగలదు' అనాలి, 'అమ్మమ్మ' అంటే 'అమ్మమ్మ ఈత కొట్టగలదు' అనాలి, అంతే. ఒకరోజు ఆఖరి క్లాసులో అలా మొదలెట్టామా, గంట కొట్టినా పిల్లలు ఆపరే!"

"ఆపలేదా?" కువబారా సీసా కిందపెట్టాడు.

"ఆపడమా! నేను మాట అందించడం మానేసినా వాళ్లంతట వాళ్లే! మేనత్త అయింది, వీధికుక్క అయింది, హెడ్మాస్టరు అయ్యాడు, రెండు గంటలండీ! ఆ తర్వాత ఏమైందో తెలుసా? కిటికీ మీది కాకులు అందుకున్నాయి."

"ఇంగ్లీషులోనా?" అన్నాడు టోఫు అమ్మే సెందా.

"నా క్లాసు కిటికీ మీద కూర్చుని మరే భాషలో అరుస్తాయోయ్? ఒక్క తప్పు దొర్లితే ఒట్టు! ఆ గోల రేవుదాకా పోయి, అమెరికా వెళ్లాల్సిన ఓడ ఇదే అమెరికా కాబోలనుకుని ఇక్కడే లంగరు దించేసింది. కెప్టెను దిగొచ్చి, నాకు నడుం వంచి దణ్ణం పెట్టి, మావాళ్లకూ చెప్పండి మాస్టారూ అన్నాడు. ఓడ మొత్తానికి చెప్పాను."

"ఓడకు కూడా ఈత వచ్చేసిందేమిటి?" అన్నాడు సెందా.

"రాదూ మరి! ఇంజను ఆపేసి వెళ్లింది!"

కువబారా తెరిచిన నోరు మూయలేదు. కొలువు చేతికొచ్చినట్టే అనుకున్నారు మాస్టారు.

బల్ల దగ్గర తువాళ్లు మడుస్తున్న స్నానశాల యజమానురాలు మిత్సుయే తలెత్తింది. "మాస్టారూ, ఆరోజు క్లాసు లీడరు వంతు నాది. మీరు కుర్చీలో నిద్రపోయారు."

మాస్టారి మొహం పాలిపోయింది.

"'లేవండి, దణ్ణం' అని నేను చెప్పాలి, మీరు తిరిగి తల వంచాలి, అప్పుడే కదా క్లాసు అయినట్టు! నిద్రపోయే మనిషికి దణ్ణమెలా పెట్టిస్తాను? మీరు లేచేదాకా చదువుతూ కూర్చున్నాం. కాకీ లేదు, ఓడా లేదు."

సెందా పగలబడి నవ్వాడు.

"లేపొచ్చుగదమ్మా," అన్నారు మాస్టారు నీరసంగా.

"ఎలా లేపుతాం? ఆ వారమంతా ఆస్పత్రిలో మీ అమ్మగారి మంచం పక్కన మేలుకుని, పొద్దున్నే బడికి వస్తున్నారని మాకు తెలుసు. మీకు మెలకువ వస్తుందేమోనని గొంతు తగ్గించి చదివాం."

సెందా నవ్వు ఆగిపోయింది. ఇన్నేళ్లూ అది తన పాఠం మహిమే అనుకున్న మాస్టారు ఆమె వైపు వంగారు.

"ఒక్కరూ ఇంటికి పోలేదా?"

"నలభై ఒక్క మందిమి. ఒక్కరూ పోలేదు."

 కువబారా లేచి, మాస్టారికి నడుం వంచి దణ్ణం పెట్టాడు.

"సోమవారం నుంచి క్లాసుకు రండి మాస్టారూ. కుర్చీ మాత్రం వేయించను."